రెండేళ్ల పిల్ల బట్టలు వేసుకోనంటే పట్టుకుని వేసేయాలా, ఒప్పుకునేదాకా ఆగాలా?

హైదరాబాద్ అమ్మ:
పాపకి రెండేళ్ల నాలుగు నెలలు. పొద్దున ఎనిమిదిన్నరకి దాన్ని డేకేర్‌లో దింపి నేను ఆఫీసు క్యాబ్ ఎక్కాలి. స్నానం వరకు బాగానే ఉంటుంది, తువ్వాలు తీసి గౌను పట్టుకోగానే "వద్దూ" అంటూ వెళ్లి మంచం కింద దూరుతుంది, బయటికి లాగితే ఒళ్లు బిగబట్టి వెనక్కి వంగిపోతుంది. కాళ్ల మధ్య ఇరికించుకుని వేసేయ్, కాసేపు ఏడ్చి అదే ఊరుకుంటుంది అంటారు మా అత్తయ్య. మా ఆయనేమో బలవంతం చేయొద్దు, తనే వస్తుంది అంటారు, కానీ ఆయనది సెకండ్ షిఫ్ట్, పొద్దున టైముతో ఆయనకి పని లేదు. పళ్లు తోమేటప్పుడు, తల దువ్వేటప్పుడు కూడా ఇదే గొడవ. రోజూ ఇంట్లో టెన్షన్. ఏది సరైనదో సూటిగా చెప్పండి.

గుంటూరు అమ్మమ్మ:
మీ అత్తగారు చెప్పిందే చేయమ్మా. ఆ వయసు పిల్లని "వేసుకుంటావా తల్లీ" అని అడిగితే వద్దనే అంటుంది, అందుకే అడగడం మానేయాలి. ఏదో ఒకటి మాట్లాడుతూ, పాట పాడుతూ చకచకా వేసేస్తే అది బలవంతం ఎలా అవుతుంది? నలుగు పెట్టి నీళ్లు పోసేటప్పుడు మా పిల్లల్లో ఎవరు ఒప్పుకున్నారు? కొట్టమని మాత్రం నేను అనను. బూచాడు వస్తాడనీ, సూది వేయిస్తాననీ కూడా బెదిరించొద్దు, రేపు నిజంగా టీకాకి తీసుకెళ్లినప్పుడు ఆ కష్టం మీదే.

విశాఖ ప్లేస్కూల్ టీచర్:
అడగొద్దు, బెదిరించొద్దు అన్నంత వరకు నాదీ అమ్మమ్మగారి మాటే. కాళ్ల మధ్య ఇరికించడం మాత్రం నేను ఒప్పుకోను. మీ రోజుల్లో పసివాళ్లు మధ్యాహ్నం దాకా చెడ్డీతోనే తిరిగేవాళ్లండీ, ఎనిమిదిన్నరకి వాళ్లని ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్లలేదు, కాబట్టి ఆ పోలిక పూర్తిగా కుదరదు.

ఈ వయసులో విప్పుకోవడం ముందు వస్తుంది, వేసుకోవడం తర్వాత వస్తుంది. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన ఎదుగుదల పట్టికలో వదులు ప్యాంటు లాంటివి తానే విప్పడం రెండున్నరేళ్ల దగ్గర, తానే వేసుకోవడం మూడేళ్ల దగ్గర, గుండీలు విప్పడం నాలుగేళ్ల దగ్గర ఉంటాయి. అంటే మీ పాపకి "నేనే" అనే పట్టుదల వచ్చేసింది కానీ చేతులకి ఆ పని ఇంకా రాలేదు. అందుకే పనిలో ఒక ముక్క తనకి వదలండి. ప్యాంటు మోకాళ్ల దాకా మీరు ఎక్కించి, పైకి లాగే పని తనకి ఇవ్వండి. మెడ బిగుతుగా ఉన్న టీషర్టు తల మీద ఇరుక్కుంటే ఆ క్షణం లోపల చీకటి, ఊపిరాడనట్టు ఉంటుంది, చాలామంది అక్కడే ఏడుపు మొదలుపెడతారు. ముందువైపు గుండీలున్న చొక్కాలు, గౌన్లు వాడి చూడండి. మెడ వెనక లేబుల్ కత్తిరించేయండి. గుచ్చుకునే జరీ, నడుము కోసే ఎలాస్టిక్ పక్కన పెట్టండి. మనకి ముద్దుగా కనిపించేది వాళ్ల ఒంటికి నరకం కావచ్చు. రాత్రే రెండు జతలు చూపించి ఒకటి ఎంచుకోమనండి.

ఎడిసన్ నాన్న, న్యూజెర్సీ:
రెండు జతలు చూపిస్తే మావాడు మూడోది అడుగుతాడు టీచర్ గారూ. పైగా ఇక్కడ జనవరి చలిలో వాడు ఒప్పుకునేదాకా తలుపు దగ్గర నిలబడలేం. లావు జాకెట్ మీద కార్ సీటు బెల్టు పెడితే గుద్దుకున్నప్పుడు జాకెట్ నలిగిపోయి బెల్టు వదులవుతుంది, అందుకని పల్చటి స్వెటర్ మీద బెల్టు బిగించి, జాకెట్ పైన కప్పుతాను. బెల్టు విషయంలో బేరం లేదు, ఏడ్చినా పెడతాను, కోప్పడకుండా పెడతాను. పళ్లు తోమడం కూడా అంతే. మిగతావన్నీ వాడిష్టం. నైట్ డ్రెస్‌లోనే డేకేర్‌కి వెళ్తే ఏమవుతుంది చెప్పండి?

గుంటూరు అమ్మమ్మ:
నైట్ డ్రెస్‌లో పంపిస్తే నలుగురూ తల్లినే అంటారు బాబూ, నిన్ను ఎవరూ అనరు.

కరీంనగర్ అమ్మ:
అమ్మమ్మ సరిగ్గా చెప్పారు. అసలు విషయం ఎవరూ పట్టించుకోవట్లేదు, సెకండ్ షిఫ్ట్ అంటే మీ ఆయన పొద్దున ఇంట్లోనే ఉంటారు కదా అక్కా! రాత్రి ఆలస్యంగా పడుకుంటారు, నిజమే, అయినా లేచి పాపని తయారు చేసి మళ్లీ పడుకోవచ్చు. బలవంతం చేయొద్దు అని చెప్పే హక్కు ఆ ఓపిక పట్టే మనిషికే ఉంటుంది. మీకు క్యాబ్ టైము తలమీద ఉంది, ఆయనకి లేదు, కాబట్టి నిదానంగా చేయాల్సిన పని ఆయనదే అవ్వాలి.

ఇంకోటి, చేతికి ఫోన్ ఇచ్చి బట్టలు వేసే అలవాటు మాత్రం చేయకండి. ఆ ఫోన్ తిరిగి తీసుకునేటప్పుడు రెండో యుద్ధం ఉంటుంది. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజు మొత్తం మీద గంటకి మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, అందులో పొద్దున్నే కొంత ఖర్చుపెట్టడం ఎందుకు? పళ్లకైతే తల మీ ఒళ్లో ఉండేలా పడుకోబెట్టుకోండి, నోరు బాగా కనిపిస్తుంది. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత పేస్టు చాలు.

విశాఖ ప్లేస్కూల్ టీచర్:
పాప వాళ్ల నాన్నే తయారు చేయాలన్న మాట నేనే ముందు అనాల్సింది, నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. ఒక్క జాగ్రత్త చెప్తాను. బట్ట ఏదైనా, నీళ్లు తగిలినా, దువ్వెన తగిలినా తట్టుకోలేకపోతుంటే, పైగా మాటలు కూడా సరిగా రాకపోతే దాన్ని మొండితనం అనుకుని వదిలేయకండి, ఒకసారి పిల్లల డాక్టర్‌కి చూపించండి.

హైదరాబాద్ అమ్మ:
మాటలు బాగానే వచ్చాయండీ, రోజంతా ఆపకుండా వాగుతుంది. ఈ చర్చ మా ఆయనకి చదివి వినిపించాను, సోమవారం నుంచి బట్టలు వేసి డేకేర్‌లో దింపే పని తనే చూసుకుంటానన్నారు. అత్తయ్యకి ఇంకా నచ్చలేదు. జడ దగ్గర మాత్రం ఏం చేయాలో తెలియట్లేదు, ఆయనకి జడ వేయడం రాదు.

గుంటూరు అమ్మమ్మ:
చెవుల దాకా కత్తిరించేయండమ్మా. జడలకి ఇంకా చాలా టైముంది.