రాయగడలో పసుపు, కారం మర పెట్టడానికి ప్రభుత్వ సాయం: ఆంధ్రా కుల పత్రం ఇక్కడ చెల్లుతుందా?

ప్రశ్న అడిగినవారు: రాయగడ మర

అందరికీ నమస్కారం. మా తాతగారి కాలంలో బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఒడిశాలోని రాయగడలో స్థిరపడిన కుటుంబం మాది. నాన్నగారు ముప్ఫై ఏళ్లుగా పిండి మర నడుపుతున్నారు. ఊరివారు తెచ్చిన బియ్యం, గోధుమలు, మిరపకాయలు కూలికి ఆడించి ఇవ్వడమే తప్ప, సొంత సరుకు అమ్మిన అలవాటు మా ఇంట లేదు. నేను ఐటీఐ చదివి నాలుగేళ్లు తమిళనాడులో ఒక కర్మాగారంలో పనిచేసి, నిరుడు తిరిగి వచ్చాను.

పసుపు, కారం, ధనియాల పొడి సొంతంగా ఆడించి, పొట్లాలు కట్టి, ఇటు రాయగడ, గుణుపురం దుకాణాలకూ అటు పార్వతీపురం, బొబ్బిలి దుకాణాలకూ వేయాలన్నది నా ఆలోచన. యంత్రాలు, షెడ్డు, మొదటి సీజనులో కొనవలసిన సరుకు కలిపి సుమారు 10 లక్షలు అవుతుందని లెక్క వేసుకున్నాను. నాతో పాటు తమిళనాడు నుంచి వచ్చేసిన మా వీధి కుర్రవాళ్లు ఇద్దరు కూడా ఇందులో పని చేస్తారు. ఇక్కడ పని దొరకకపోతే మేము ముగ్గురమూ మళ్లీ రైలెక్కవలసిందే కాబట్టి ఈ ప్రశ్నను తేలికగా అడగడం లేదు.

కొత్త యూనిట్లకు బ్యాంకు అప్పుతో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీ కింద దరఖాస్తు చేద్దామని విచారిస్తే, మా కులం ఆంధ్రలో బీసీ అయినా ఒడిశా జాబితాలో లేదని, అందువల్ల జనరల్ కింద తక్కువ సబ్సిడీయే వస్తుందని ఒకరు చెప్పారు. ఇది నిజమేనా? నాన్నగారి మరనే పెంచుకుంటున్నట్టు చూపించవచ్చా, లేక నా పేరున వేరే యూనిట్ పెట్టాలా? పట్టణంలో పెట్టడం మేలా, పల్లెలో పెట్టడం మేలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: గుణుపురం జీడిపప్పు

తమ్ముడూ, మీకు చెప్పినవారు సగం నిజమే చెప్పారు. ఆంధ్రలో ఇచ్చిన బీసీ పత్రం ఒడిశాలో పనికిరాదన్న మాట సరైనదే. కేంద్రం వెనుకబడిన తరగతుల జాబితా కూడా రాష్ట్రాల వారీగానే ఉంటుంది కాబట్టి సరిహద్దు దాటిన తెలుగు కుటుంబాలు చాలా వరకు ఈ చిక్కులో పడుతున్నాయి. అయితే మీ విషయంలో ఆ పత్రం అవసరమే లేదు. 2022లో పథకం నిబంధనలను సవరించినప్పుడు, ఆకాంక్షిత జిల్లాల (వెనుకబడినవిగా కేంద్రం గుర్తించిన జిల్లాల) దరఖాస్తుదారులందరినీ ఎక్కువ సబ్సిడీ వచ్చే ప్రత్యేక వర్గంలో చేర్చారు. ఒడిశాలో అలాంటి జిల్లాలు పది ఉన్నాయి. వాటిలో రాయగడ ఒకటి, గజపతి ఒకటి, కొరాపుట్ ఒకటి. అంటే మీరు ఏ కులం వారైనా, రాయగడ జిల్లాలో యూనిట్ పెడుతున్నారన్న ఒక్క కారణం చేతనే ప్రత్యేక వర్గం కిందికి వస్తారు. ఈ సంగతి తెలియక జనరల్ గడిలో టిక్కు పెట్టి నష్టపోయినవారిని నేను చూశాను. దరఖాస్తు నింపేటప్పుడు ఈ ఒక్కచోట ఆగి చూసుకోండి.

లెక్క ఇలా ఉంటుంది. జనరల్ వర్గానికి పట్టణంలో 15 శాతం, గ్రామంలో 25 శాతం సబ్సిడీ. ప్రత్యేక వర్గానికి పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం. సొంత వాటా జనరల్‌కు 10 శాతం, ప్రత్యేక వర్గానికి 5 శాతం. మీ 10 లక్షల యూనిట్ పంచాయతీ పరిధిలో పెడితే మీరు 50 వేలు పెట్టుకోవాలి, బ్యాంకు తొమ్మిదిన్నర లక్షలు ఇస్తుంది, అందులో 3 లక్షల 50 వేలు ప్రభుత్వ సబ్సిడీ అవుతుంది. చివరకు మీరు తీర్చవలసిన అసలు 6 లక్షలే. అదే యూనిట్ రాయగడ మున్సిపాలిటీలో పెడితే సబ్సిడీ రెండున్నర లక్షలకు తగ్గుతుంది.

కానీ ఆ మూడున్నర లక్షలు మీ చేతికి వస్తాయని ఎన్నడూ అనుకోవద్దు. ఆ సొమ్మును బ్యాంకు మీ పేరున మూడేళ్లు డిపాజిట్‌గా ఉంచుతుంది. దానికి మీకు వడ్డీ రాదు, అప్పులో అంత భాగం మీద మీ నుంచి వడ్డీ తీసుకోరు. మూడేళ్లు గడిచాక యూనిట్ నడుస్తున్నదని తనిఖీ చేసి అప్పుకు జమ కడతారు. మధ్యలో మూసేస్తే ఆ సొమ్ము వెనక్కి పోతుంది, అప్పు మొత్తం మీ మీద నిలుస్తుంది. నా జీడిపప్పు యూనిట్ రెండో ఏడు బాగా కుంటుబడినప్పుడు, నష్టానికైనా మూడో ఏడు దాకా తలుపులు తెరిచే ఉంచాను.

ఇక నాన్నగారి మర సంగతి. పీఎంఈజీపీ కొత్త యూనిట్లకే ఇస్తారు; నడుస్తున్న మరను చూపిస్తే దరఖాస్తు తిరస్కరిస్తారు. కుటుంబానికి ఒకరికే అన్న నిబంధనలో కుటుంబం అంటే భార్యాభర్తలు మాత్రమే కాబట్టి, తండ్రికి మర ఉన్నా కొడుకు వేరుగా కొత్త యూనిట్ పెట్టుకోవడానికి అడ్డు లేదు. నాన్నగారి మరనే పెంచాలనుకుంటే ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో వచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకం ఉన్నది. అందులో పాత యూనిట్ల విస్తరణకు కూడా ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సబ్సిడీ ఉంటుంది, సొంత వాటా మాత్రం 10 శాతం పెట్టాలి. ముద్రా అప్పుకు తాకట్టు అక్కరలేదు గానీ, దానికి సబ్సిడీ లేదు. ముద్రానూ సబ్సిడీ పథకాలనూ ఒకటిగా అనుకొని బ్యాంకుకు వెళ్లేవారు ఇంకా ఉన్నారు.

జవాబు: పర్లాకిమిడి అక్క

మా స్వయం సహాయక బృందం మిరప, పసుపు పొడులు చేస్తున్నది కనుక ఒక మాట చేరుస్తాను. పసుపు ఏడాదిలో కొద్ది నెలలే చవకగా దొరుకుతుంది. అప్పుడు కొని నిల్వ చేయలేకపోతే మిగిలిన ఏడంతా వ్యాపారి చెప్పిన ధరకు కొనుక్కోవలసిందే. అందువల్ల ప్రాజెక్టు రిపోర్టులో డబ్బంతా యంత్రాల మీద చూపించకండి, సరుకు కొనే పెట్టుబడికి తగినంత వాటా ఉంచండి. మేము మొదటి ఏడాది ఆ తప్పు చేసి నాలుగు నెలలు మరను ఖాళీగా ఉంచాము. కంధమాల్ పసుపు మీకు పక్క జిల్లాలోనే దొరుకుతుంది, మంచి సరుకు. అయితే ఆ పేరుకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి, అధీకృత వినియోగదారుగా నమోదు కాకుండా పొట్లం మీద ఆ పేరు ముద్రించకూడదు. ఆహార భద్రతా నమోదు మరచిపోవద్దు.

జవాబు: బరంపురం లెక్కలు

నేను చిన్న వ్యాపారులకు పన్ను లెక్కలు చూస్తాను. సబ్సిడీ గురించి పైవారు చెప్పినదంతా సరిగానే ఉన్నది. అయితే మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది పార్వతీపురం, బొబ్బిలి అన్న రెండు పేర్లు.

ఒడిశాలోనే సరుకు అమ్ముకునే వ్యాపారికి ఏడాది అమ్మకం 40 లక్షలు దాటే వరకు జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. కానీ పన్ను పడే సరుకును మరో రాష్ట్రానికి అమ్మితే, అమ్మకం ఎంత చిన్నదైనా మొదటి రూపాయి నుంచే నమోదు తప్పనిసరి. పసుపు, కారం పొడుల మీద 5 శాతం పన్ను ఉన్నది కనుక మీకు ఇది వర్తిస్తుంది. పైగా చిన్నవారికి లెక్కలు తేలికగా ఉండాలని పెట్టిన కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారు పొరుగు రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. కాబట్టి మీరు మొదటి నెల నుంచే సాధారణ పద్ధతిలో నమోదై, రిటర్నులు వేస్తూ, 50 వేలు దాటిన సరుకు రవాణాకు ఈ-వే బిల్లు (ఆన్‌లైన్ రవాణా పత్రం) తీస్తూ నడుపుకోవాలి. దీనివల్ల యంత్రాల మీద, సంచుల మీద కట్టిన పన్నును సర్దుబాటు చేసుకోగలగడం ఒక మేలు. ఆ మేలు చిన్నది కాదు గానీ, నెలనెలా లెక్కలు రాయించే ఖర్చును కూడా పెట్టుబడిలో కలుపుకోండి.

ఇక్కడ నా మనసులో ఉన్న మాట చెప్పకుండా ఉండలేను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే వరకు రాయగడ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలో భాగం. గీత పడినా సంతలు మారలేదు, రైలు దారి మారలేదు. రాయగడ వ్యాపారికి భువనేశ్వర్ ఒక రాత్రి ప్రయాణం, పార్వతీపురం మాత్రం పొద్దున్న వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రాగల ఊరు. ఉపాధి కల్పించాలని ఒక చేత్తో 35 శాతం సబ్సిడీ ఇచ్చి, అతి దగ్గరి సంతకు సరుకు తీసుకువెళ్లినందుకు అదే యువకుడి మీద పెద్ద వ్యాపారికి ఉండే లెక్కల బరువు మోపడం తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. హస్తకళా వస్తువులకు ఈ విషయంలో ఒక పరిమితి వరకు మినహాయింపు ఇచ్చారు. సరిహద్దు జిల్లాల సూక్ష్మ ఆహార యూనిట్లకూ అటువంటిది ఇవ్వవలసి ఉన్నది. అది వచ్చే వరకు చట్టం ఎలా ఉంటే అలా నడుచుకోవడమే మీకు క్షేమం.

మరొక ముఖ్యమైన విషయం. పల్లెలో పెడితే సబ్సిడీ ఎక్కువ అని చూసి, ఏదో ఒక ఊళ్లో గిరిజనుల భూమి తీసుకొని షెడ్డు వేయవద్దు. రాయగడ జిల్లా షెడ్యూల్డు ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతం. 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్ ప్రకారం గిరిజనుల భూమిని గిరిజనేతరులకు అమ్మడమే కాదు, లీజుకు ఇవ్వడం కూడా చెల్లదు. ఆ రక్షణ న్యాయమైనది. ఆ భూమి వారి చేతిలో నిలవాలనే ఆ చట్టం వచ్చింది, మన సబ్సిడీ కోసం దానిని పక్కదారి పట్టించకూడదు. పట్టా ఎవరి పేరున ఉన్నదో తహసీలు కార్యాలయంలో చూసుకున్న తరువాతే షెడ్డుకు అద్దె ఒప్పందం రాసుకోండి. స్థలం కొన్న ఖర్చు ప్రాజెక్టు వ్యయంలో ఎలాగూ చేర్చరు. కట్టి ఉన్న షెడ్డు అద్దె అయితే మూడేళ్ల వరకు చేర్చుకోవచ్చు.

రాయగడ మర:

మీ ముగ్గురికీ నమస్కారాలు. ఆకాంక్షిత జిల్లా సంగతి ఇంతవరకు మాకు ఒక్కరూ చెప్పలేదు. నాన్నగారి మర అలాగే ఉంచి, పంచాయతీ పరిధిలో మాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబం వారి పాత ధాన్యం గోదామును అద్దెకు అడుగుతాము. ముందుగా పట్టా చూస్తాము. సరుకు కొనుగోలుకు పెట్టుబడి పెంచి రిపోర్టు మళ్లీ రాయిస్తాను. మరో రెండు అనుమానాలు మిగిలాయి. ఒక బ్యాంకులో ఇల్లు తాకట్టు పెట్టమని మౌఖికంగా అన్నారు. అది సబబేనా? అలాగే పార్వతీపురం వైపు దుకాణదారులు అప్పు మీద సరుకు తీసుకొని నెలల తరబడి ఇవ్వకపోతే, వేరే రాష్ట్రం వారి మీద నేను ఏం చేయగలను?

జవాబు: గుణుపురం జీడిపప్పు

సూక్ష్మ, చిన్న యూనిట్లకు 10 లక్షల వరకు అప్పుకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉన్నది. మీ అప్పు తొమ్మిదిన్నర లక్షలు కాబట్టి ఆ లోపలే ఉంటుంది. మాట మీద వాదించకుండా, తాకట్టు కావాలన్న సంగతి కాగితం మీద రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి. నన్ను అడిగినప్పుడు నేను అదే చేశాను, ఆ తరువాత ఆ ప్రస్తావన మళ్లీ రాలేదు.

జవాబు: బరంపురం లెక్కలు

బకాయిల విషయంలో 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం మీ పక్షాన ఉన్నది. యూనిట్ మొదలుకాగానే ఈ చట్టం కింద ఉద్యం అనే నమోదు చేయించుకోండి, దానికి రుసుము లేదు. నమోదైన సూక్ష్మ యూనిట్ నుంచి సరుకు తీసుకున్నవారు, ఎంత గడువు రాసుకున్నా 45 రోజుల లోపు డబ్బు చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. కొనుగోలుదారు దేశంలో ఎక్కడ ఉన్నా, ఫిర్యాదు మాత్రం అమ్మినవారి రాష్ట్రంలో ఇలాంటి బకాయిల ఫిర్యాదులు వినే కౌన్సిల్‌లోనే వేసుకోవచ్చు. మీరు పార్వతీపురం వెళ్లి తిరగనక్కరలేదు.

అయినా ఒక చిన్న కిరాణా దుకాణం మీద ఫిర్యాదు వేస్తే బాకీ వస్తుందేమో గానీ, ఆ దుకాణంలో మీ పొట్లం మళ్లీ ఉండదు. నా దగ్గరకు వచ్చే మసాలా వ్యాపారులు పాటించే పద్ధతి చెబుతాను: కొత్త దుకాణానికి ఒక విడత సరుకు మాత్రమే అప్పు ఇస్తారు, దాని డబ్బు చేతికి వచ్చాకే రెండో విడత దింపుతారు. ప్రతి విడతకూ బిల్లు మీద సంతకం తీసుకుంటారు. ఆ సంతకాలు ఉంటే 45 రోజుల చట్టం ఎప్పుడైనా మీకు ఉపయోగపడుతుంది.