గ్లాస్గో పోయేటోళ్లకు డి విటమిన్: ఇక్కడి సాషేలు మోసుకపోవాల్నా?

కాజీపేట_తమ్మి:
సెప్టెంబర్‌ల మన దిక్కు పిల్లలు చానమంది బ్రిటన్‌ల ఉన్న గ్లాస్గోకు పోతున్నరు. మూడు సంగతులు చెప్పుండ్రి. పోయే ముందు ఇక్కడ డి టెస్టు చేయించుకోవాల్నా? 60,000 యూనిట్ల డి పొడి సాషేలు ఎన్ని పెట్టుకోవాలె? అక్కడి పాలల్ల డి కలుపుతరా?

ములుగురోడ్_మెడికల్:
సాషేలెందుకు తమ్మీ? అక్కడ సూపర్‌మార్కెట్లల్ల 10, 25 మైక్రోగ్రాముల గోలీలు చీటీ లేకుండనే దొరుకుతయి. ఒక మైక్రోగ్రాముకు 40 యూనిట్లు. అంటే 10కి 400, 25కి వెయ్యి. అక్కడి ప్రభుత్వం చెప్పే మోతాదు అక్టోబర్ నుంచి మార్చి దాకా రోజుకు 10 మైక్రోగ్రాములు. మన రంగు ఒళ్లోళ్లయితే ఏడాది పొడుగూత వేసుకునుడే మంచిదంటరు. మన 60,000 సాషే లోపం తేలినోళ్లకు డాక్టర్ రాసే మందు. వారానికి ఒకటి, మామూలుగ ఎనిమిది వారాలు. ఆ 'వారానికి' అన్న ముక్క చెవిన పడక రోజుకొకటి తాగితే పది రోజులల్ల 6 లక్షలు లోపలికి పోతయి. రక్తంల క్యాల్షియం పెరిగి ఒకటే దప్పిక, వాంతులు, మలబద్ధకం. ఆఖరుకు కిడ్నీ మీద పడుతది.

వడ్డేపల్లి_అక్క:
అన్నిటికీ గోలీలేనా? పొద్దుగాల ఏడింటికి లేత ఎండల అరగంట కూసుంటే చాలదా? పెద్దోళ్లు ఊరికెనే చెప్పిన్రా?

నీడ_లెక్క:
ఏడింటి ఎండల డి రాదక్కా. చర్మం కింద డి తయారుచేసేది ఎండల కంటికి కనబడని యూవీబీ అనే కిరణం. సూర్యుడు కిందికి ఉన్నప్పుడు అది గాలిపొరల్లనే, ఓజోన్‌లనే ఆగిపోతది, మనదాకా రాదు. మోటు లెక్క ఒకటున్నది: మన నీడ మనకంటె పొట్టిగుంటెనే డి మంచిగ తయారైతది. వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం మీదున్నది. డిసెంబర్ ఆఖరుల నీడ పొట్టిగుండేది సుమారు 11 నుంచి 1:20 దాకనే.

వడ్డేపల్లి_అక్క:
మరి మే నెలల పన్నెండింటికి నిలబడుమంటవా? వడదెబ్బ తగిలితే నువ్వు మోసుకపోతవా దవాఖానకు?

నీడ_లెక్క:
నేను చెప్పింది డిసెంబర్ సంగతి, మీరు మే పట్టుకున్నరు. వేడి వేరు, యూవీబీ వేరు. మే నడుమల పొద్దున తొమ్మిదికే నీడ మన ఎత్తుకు సమానమైతది. తొమ్మిదిన్నరకు చేతులు, పిక్కలు, వీలైతే వీపు ఎండకు పెట్టి పావుగంటల లోపలికి పోవచ్చు. వేడి ముదిరేది రెండు, మూడు గంటలకు, అప్పుడు ఎవ్వలు నిలబడుమన్నరు? ఇంకోటి, అద్దం యూవీబీని ఆపుతది. కిటికీ తలుపు మూసి లోపల ఎండకు కూసుంటే చెమటే మిగులుతది.

హంటర్‌రోడ్_యోగా:
లేత ఎండను గట్ల తీసిపారేయకుండ్రి. పొద్దటి వెలుతురుకు నిద్ర సక్కగైతది, మనసు హుషారుగుంటది.

నీడ_లెక్క:
అయితది సారూ, కాదన్ననా? అది కంటి వెలుతురు ముచ్చట. ఇక్కడ మాట్లాడేది డి గురించి.

గోదారిఖని_84:
మీరు డాబా మీద నీడలు కొలుస్తున్నరు. బొగ్గు బాయిల దిగేటోని సంగతేంది? ఫస్ట్ షిఫ్టోడు పైకొచ్చేసరికి మూడు దాటుతది. డిసెంబర్‌ల అప్పటికే నీడ సాగుతది. మా ఆడోళ్లు చూస్తె జగిత్యాల, కోరుట్ల దిక్కు పొద్దంత చేట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేస్తరు. ఎండల కూసోమని చెప్పుడు అల్కగనే ఉంటది. నానబెట్టి మెత్తజేసిన తునికాకు ఎండకు పెళుసెక్కి చుట్టంగనే పగులుతది, అందుకే నీడపట్టున కూసుంటరు. అసొంటోళ్లకు నడుమునొప్పి, తొడలనొప్పి, కింద కూసుంటే చేతులు ఆనకుండ లేవరాకపోవుడు ఉంటే వాతమని మలాం రాసి ఊకోవద్దు. డి తక్కువై ఎముకలు మెత్తబడ్డా అట్లనే ఉంటది.

ల్యాబ్_రవ్వ:
రోజూ ఈ రిపోర్టులు తీసేది మేమే కాబట్టి అసలు తిరకాసు చెప్తాను. ఇక్కడి రిపోర్టు మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఉంటుంది. 20 లోపుంటే లోపం, 20 నుంచి 30 అరకొర. బ్రిటన్‌లో లీటరుకు నానోమోల్‌లో ఇస్తారు. మన అంకెను రెండున్నరతో గుణిస్తే వాళ్ల అంకె వస్తుంది. అక్కడ 45 వచ్చిందంటే మన లెక్కలో 18 మాత్రమే. ఇంటికి ఫోన్ చేసి '45 ఉంది, బ్రహ్మాండం' అంటే ఇక్కడి డాక్టరు కూడా సరేనంటాడు. కాబట్టి అంకెతోపాటు యూనిటు కూడా చెప్పండి.

అడగాల్సిన పరీక్ష 25-హైడ్రాక్సీ విటమిన్ డి. '1,25' అని ఇంకోటి ఉంది, అది కిడ్నీ జబ్బుల్లాంటి వాటికి. లోపం ఉన్నా అందులో మామూలుగానే కనబడొచ్చు. జుట్టు కోసం బయోటిన్ గోలీలు వాడేవాళ్లు ముందే చెప్పాలి. కొన్ని యంత్రాల్లో బయోటిన్ వల్ల డి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కోర్సు అయ్యాక మూడు నెలలకు మళ్లీ చూడాలి. నాలుగు సాషేలు తాగి మరునాడే వచ్చి 'ఎంత పెరిగింది' అంటే డబ్బులు దండుగ.

సుబేదారి_వాసి:
ఇంత పంచాయితీ దేనికి, 6 లక్షల సూది ఒక్కటి ఏయించుకుంటే ఏడాదిదాకా చూసుకునే పనుండదు.

ములుగురోడ్_మెడికల్:
గిట్ల చెప్పే పీకల మీదికి తెస్తున్నరు! గోలీ అయితే తేడా కొట్టంగనే ఆపొచ్చు, సూది లోపలికి పోయినంక బయటికి గుంజుతవా? డి కొవ్వుల దాగి నెలల తరబడి ఉంటది. పైగా టెస్టు లేకుండ ఒకరు రాసిన సాషేలు, ఇంకొకరు పొడిచిన సూది కలిస్తే లెక్కే తప్పుతది. కిడ్నీల రాళ్లున్నోళ్లు, టీబీ ఉన్నోళ్లు అస్సలు సొంతంగ ముట్టొద్దు.

సుబేదారి_వాసి:
డాక్టర్లే ఏస్తున్నరు కద. మీరు డాక్టరా?

ల్యాబ్_రవ్వ:
ఆయన చెప్పింది సరైనదే. టీబీలో రెండు వైపులా ఇబ్బంది. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ మందు డిని త్వరగా ఖర్చు చేస్తుంది, జబ్బేమో క్యాల్షియాన్ని పెంచగలదు. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్‌తోనూ డి తగ్గుతుంది. లావుగా ఉన్నవాళ్లకు రెండు మూడింతల మోతాదు పట్టవచ్చు. అందరికీ ఒకే కొలత కుదరదు.

పిల్లల_వార్డు_సిస్టర్:
చంటిపిల్లల డ్రాప్స్ సంగతి ఎవ్వలెత్తలే. ఏడాదిలోపు పిల్లకు రోజుకు 400 యూనిట్లు. సీసాలు రెండు రకాలు: మిల్లీలీటరుకు 400ది ఒకటి, 800ది ఒకటి. పాతది అయిపోయి కొత్తది తెచ్చినప్పుడు అట్ట మీది అంకె చూడకుండ అదే గీతదాకా నింపితే డోసు డబుల్. 800 సీసాల నుంచి అర మిల్లీలీటరే ఇయ్యాలె.

కాజీపేట_తమ్మి:
పిల్లల డ్రాప్స్ దాకా పోయిన్రు, నా పాల ముచ్చట ఎవ్వలు ముట్టలే!

నీడ_లెక్క:
పాలు తర్వాత, ముందు ఇది విను. గ్లాస్గో 56 డిగ్రీల దగ్గర. అక్కడ మన నీడ మనకంటె పొట్టిగుండేది ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా, అది గూడ ఒంటిగంట అటు ఇటుగ. డిసెంబర్‌ల మిట్టమధ్యాహ్నం నీడ మనిషికి అయిదింతలు. సెప్టెంబర్‌ల దిగేటోడికి ఆ సీజన్ అప్పటికే అయిపోయుంటది. 1960, 70ల్లనే అక్కడ మన ఉపఖండం నుంచి పోయినోళ్ల పిల్లలకు రికెట్స్, అంటే డి లేక ఎముకలు మెత్తబడి వంగే జబ్బు, బాగ కనబడ్డది. అందుకే దిగిన రోజు నుంచే రోజూ గోలీ. లోపముందో లేదో టెస్టు ఇక్కడ్నే చేయించుకొని, ఉంటే కోర్సు పూర్తి చేసి ఎక్కాలె.

వడ్డేపల్లి_అక్క:
కోడిగుడ్లు తింటే రాదా మరి?

ములుగురోడ్_మెడికల్:
ఒక గుడ్డుల 40 యూనిట్లు, అదీ పచ్చసొనలనే. మన దేశపు లెక్కల రోజుకు కావాల్సింది 600. ఎన్ని గుడ్లో మీరే లెక్కేసుకోండ్రి అక్కా.

ల్యాబ్_రవ్వ:
పాల సంగతి: బ్రిటన్‌లో మామూలు పాలల్లో కలపరు, కెనడాలో కలపడం తప్పనిసరి. మన దగ్గర ప్యాకెట్ మీద '+ఎఫ్' ముద్ర (విటమిన్లు కలిపారని గుర్తు) ఉంటే లీటరుకు 200 నుంచి 300 యూనిట్లు, అంటే రెండు గ్లాసులు తాగినా వంద దగ్గరే. గోలీ మాత్రం పరగడుపున నీళ్లతో వేసుకోకండి. నూనో, నెయ్యో, పెరుగో ఉన్న పెద్ద భోజనం తర్వాత వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది.

వడ్డేపల్లి_అక్క:
వెన్న తీసిన మజ్జిగతోని నడుస్తదా?

ల్యాబ్_రవ్వ:
ఉత్త మజ్జిగతో పెద్దగా లాభం లేదు. పప్పులో ఒక చెంచా నెయ్యి వేసుకుని అన్నం తిన్నాక వేసుకోండి.