18650 సెల్ 3 వోల్టులకు దిగగానే లోడ్ కట్ అవ్వాలి: లోడ్ స్విచ్ ఒక్కటే చాలా?

తేమమీటర్: పొలంలో నేల తేమ చూసే బాక్స్ చేస్తున్నా. ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న మైక్రోకంట్రోలర్ బోర్డు), ఒక 18650 సెల్ (రీచార్జ్ అయ్యే లిథియం బ్యాటరీ), చిన్న సోలార్ ప్యానెల్. ముసురు పట్టిందంటే సెల్ పూర్తిగా దిగిపోతోంది. 3 వోల్టుల దగ్గర లోడ్, అంటే సెల్ నుంచి కరెంట్ లాగే బోర్డు, కట్ అవ్వాలి. టీపీఎస్22918 లోడ్ స్విచ్ (లోడ్‌కి కరెంట్ ఆన్, ఆఫ్ చేసే చిప్) పెట్టి, ఆన్ పిన్‌కి రెండు రెసిస్టర్ల డివైడర్‌తో సెల్ వోల్టేజ్‌లో కొంత భాగం ఇస్తే సరిపోతుందా?

సోల్డర్‌పొగ: సరిపోదు. ఆ పిన్ లాజిక్ పిన్ బ్రో, 1 వోల్ట్ పైన ఉంటే ఖచ్చితంగా ఆన్, 0.5 కింద ఉంటే ఖచ్చితంగా ఆఫ్, మధ్యలో ఏమవుతుందో డేటాషీట్ హామీ ఇవ్వదు. 3 వోల్టులకి 1 వోల్ట్ వచ్చేలా డివైడర్ పెట్టావనుకో, 3కీ 1.5కీ మధ్య ఎక్కడైనా ఆగొచ్చు. 1.5 అంటే సెల్ పోయినట్టే.

పాతరేడియో: ఇంత హడావిడి ఎందుకు? స్విచ్‌గా ఏఓ3401 పీ-మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్, వోల్టేజ్ పోల్చి దాని గేట్‌ని (కంట్రోల్ పిన్‌ని) నడపడానికి ఒక టీఎల్431 చిప్. ఏ షాపులోనైనా దొరుకుతాయి.

సోల్డర్‌పొగ: పాతరేడియో గారూ, 12 వోల్టుల బ్యాటరీకైతే నేనూ అదే పెడతా. ఇక్కడ టీఎల్431 కాథోడ్ 2 వోల్టుల కిందకి పెద్దగా దిగదు కదా, సెల్ 3.1 దగ్గర ఉంటే గేట్‌కి మిగిలేది 1.1 వోల్టే, మాస్‌ఫెట్ సగం తెరుచుకుని వేడెక్కుతుంది. పైగా దానికి 1 మిల్లీఆంప్ పోయాలి, అంటే రోజుకి 24 ఎంఏహెచ్, అదీ ఎండ లేని రోజుల్లో.

నానోఆంప్: అయితే టీపీఎస్3839 సూపర్‌వైజర్ (వోల్టేజ్ ఒక హద్దు కిందకి దిగితే సిగ్నల్ ఇచ్చే చిప్) అవుట్‌పుట్‌ని లోడ్ స్విచ్ ఆన్ పిన్‌కి ఇవ్వండి. 3.08 వోల్టుల రకం ఉంది, తాగేది 150 నానోఆంప్స్. పని అయిపోయింది.

సోల్డర్‌పొగ: అవ్వలేదు, అసలు గొడవ అక్కడే మొదలు. సెల్ పాతబడి లోపలి రెసిస్టెన్స్ 150 మిల్లీఓమ్స్ అయిందనుకో, వైఫై 400 మిల్లీఆంప్స్ లాగగానే 60 మిల్లీవోల్టులు పడిపోతుంది, స్విచ్ ఆగుతుంది, లోడ్ పోగానే సెల్ మళ్లీ లేస్తుంది, 200 మిల్లీసెకన్ల తర్వాత బోర్డు మళ్లీ బూట్ అవుతుంది, మళ్లీ వైఫై. సూపర్‌వైజర్ హిస్టెరిసిస్, అంటే ఆగే వోల్టేజ్‌కీ మళ్లీ ఆన్ అయ్యే వోల్టేజ్‌కీ మధ్య గ్యాప్, దీన్ని ఆపేంత ఉండదు. రాత్రంతా ఇలా కొట్టుకుని మిగిలిన చార్జ్ కూడా లాగేస్తుంది. నా లెక్కలో స్విచ్ ఏదైనా ఒకటే, 3.2 దగ్గర ఆగి 3.6 దాకా లేవకుండా ఉండేలా చూసేదే అసలు పార్ట్. టీఎల్‌వీ3012 కంపారేటర్‌లో (రెండు వోల్టేజ్‌లని పోల్చే చిప్‌లో) పోల్చడానికి కావాల్సిన స్థిరమైన రిఫరెన్స్ వోల్టేజ్ లోపలే ఉంటుంది, ఒక ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌తో ఆ గ్యాప్ వచ్చేస్తుంది, కరెంట్ మూడు మైక్రోఆంప్స్ చిల్లర, మెగాఓమ్స్‌లో వేస్తే డివైడర్‌కి ఇంకొంచెం.

నానోఆంప్: ఈఎస్‌పీ32లో వోల్టేజ్ కొలిచే ఏడీసీతో సెల్ చదివి, 3.3 కింద ఉంటే వైఫై ఆన్ చేయకుండా పడుకోమని కోడ్‌లో రాస్తే మీ కంపారేటర్ కూడా అక్కర్లేదు.

సోల్డర్‌పొగ: రాయండి, అదీ ఉండాలి. కానీ కోడ్ హ్యాంగ్ అయితే సెల్‌ని కాపాడేది ఎవరు? సెల్‌కి డీడబ్ల్యూ01 ప్రొటెక్షన్ చిప్ ఉంది కదా అనకండి, అది కట్ చేసేది 2.4 దగ్గర.

నానోఆంప్: కోడ్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ చేసే వాచ్‌డాగ్ ఉంది కదా అన్నా. నేను కోడ్ వైపే.

పాతరేడియో: మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి. తేమమీటర్, ముందు నీ బోర్డు మీద ఏఎంఎస్1117 రెగ్యులేటర్ (వోల్టేజ్‌ని 3.3కి దించే చిప్) ఉందేమో చూడు. అది ఊరికే ఉన్నా సుమారు 5 మిల్లీఆంప్స్ తాగుతుంది, 3.3 ఇవ్వాలంటే ఇన్‌పుట్ ఒక వోల్ట్ పైనే ఎక్కువ కావాలి. ఉంటే పీకేసి ఏపీ2112 రెగ్యులేటర్ వేసి, మళ్లీ కొలిచి చెప్పు.