వైద్య మినహాయింపు: రోగికి ఊరటా, పోటీలో దొడ్డిదారా?

ప్రశ్న: ఎదురుగాలి

సైక్లింగ్ పోటీలను చాలా ఏళ్లుగా శ్రద్ధగా చూస్తున్నాను. ఒక్క విషయం మాత్రం ఇప్పటికీ మింగుడుపడటం లేదు. నిషిద్ధ జాబితాలో ఉన్న మందును సైతం, వైద్య కారణం చూపి అనుమతి తీసుకుంటే, వాడుకోవచ్చునని నిబంధనలు చెబుతున్నాయి. ఆ అనుమతినే టీయూఈ (వైద్య అవసరానికి ఇచ్చే మినహాయింపు) అంటున్నారు. 2016 సెప్టెంబరులో ఫ్యాన్సీ బేర్స్ అనే హ్యాకర్ల ముఠా ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) దస్త్రాలను బయటపెట్టినప్పుడు, 2012 టూర్ డి ఫ్రాన్స్ విజేత బ్రాడ్లీ విగిన్స్ ఆ పోటీకి కొద్ది రోజుల ముందు ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకున్నారని, దానికి అనుమతి కూడా ఉందని లోకానికి తెలిసింది. ఆ మరుసటి ఏడాది మరో టూర్ విజేత క్రిస్ ఫ్రూమ్ మూత్ర నమూనాలో సాల్బుటమాల్ అనే ఉబ్బసం మందు హద్దుకు రెట్టింపు కనిపించినా, చివరికి ఆయనపై ఏ చర్యా లేకుండానే కేసు మూసేశారు.

నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. ఇన్హేలర్ లేకుండా ఎత్తు ఎక్కలేని రోజులు నాకు తెలుసు కాబట్టి, జబ్బు ఉన్నవాడు పోటీకి రాకూడదని నేను అనలేను. అయినా, కాగితం ఉన్నవాడికి మందు, లేనివాడికి నిషేధం అన్నప్పుడు ఆ కాగితం ఎవరు, ఏ ఆధారంతో ఇస్తున్నారో తెలుసుకోవాలని ఉంది. తెలిసినవారు వివరించగలరు.

సమాధానం: కొండమలుపు

ఎదురుగాలి గారూ, మీరు చెప్పిన రెండు ఉదంతాలు ఒక కోవకు చెందినవి కావు. పత్రికల్లో కూడా ఈ తేడా తరచుగా చెరిగిపోతుంటుంది కాబట్టి ముందు దానినే చెబుతాను. విగిన్స్‌ది మినహాయింపు తీసుకున్న వ్యవహారం. ఫ్రూమ్‌ది మినహాయింపే అక్కరలేని మందు వ్యవహారం. సాల్బుటమాల్‌ను ఇన్హేలర్‌తో పీల్చడానికి 2010 నుంచి టీయూఈ అవసరం లేదు, మోతాదుకు మాత్రం హద్దు ఉంది. మూత్రంలో మిల్లీలీటరుకు 1000 నానోగ్రాములు దాటితే అది వైద్యానికి వాడిన మోతాదు కాదని అనుమానిస్తారు. కొలతలో వచ్చే తేడాలను లెక్కలోకి తీసుకుని 1200 దాటిన తర్వాతే కేసు మొదలవుతుంది. 2017 సెప్టెంబరు 7న స్పెయిన్ వుయెల్టా పోటీలో ఫ్రూమ్ నమూనా 2000 చూపింది. మూత్రం చిక్కదనాన్ని బట్టి సవరించాక అది 1429కి దిగింది. అనుమతించిన మోతాదు పీల్చినా అంత రావచ్చునన్న వాదనను వాడా అంగీకరించడంతో 2018 జులై 2న, అంటే టూర్ మొదలు కావడానికి అయిదు రోజుల ముందు, అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) కేసును మూసివేసింది. ఇదే మందు విషయంలో అలెసాండ్రో పెటాకీ 1320కి ఏడాది, డియెగో ఉలిస్సీ 1900కి తొమ్మిది నెలలు నిషేధం అనుభవించారని గుర్తుచేసుకుంటే, వారికి న్యాయం జరిగిందని చెప్పడానికి నాకు మనసు రాదు. అయితే ఆ తప్పు మినహాయింపులది కాదు, ఒక్కొక్కరి ఒంట్లో ఒక్కో తీరుగా బయటపడే మందుకు అందరికీ ఒకే గీత గీయడంలోని చిక్కు అది.

ఇక టీయూఈ సంగతి. దరఖాస్తు చేసిన రైడర్‌కు నిర్ధారణ అయిన జబ్బు ఉండాలి. ఆ మందు అతనిని మామూలు ఆరోగ్యానికి చేర్చాలే గాని అంతకు మించిన బలం ఇవ్వకూడదు. నిషేధం లేని మరో మందు సరిపోయే వీలు ఉండకూడదు. పైగా గతంలో అనుమతి లేకుండా నిషిద్ధ మందు వాడిన ఫలితంగా ఈ అవసరం పుట్టి ఉండకూడదు. ఈ నాలుగింటిలో రెండోదే అసలు ముడి. మామూలు ఆరోగ్యం ఎక్కడ ముగిసి అదనపు బలం ఎక్కడ మొదలవుతుందో ఏ పరీక్షా గీత గీసి చూపలేదు.

అనుమతి ఇచ్చే పద్ధతి కూడా మొదటి నుంచీ ఇంత కట్టుదిట్టంగా లేదు. 2014 టూర్ డి రొమాండీ పోటీ సమయంలో ఫ్రూమ్‌కు ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వాడేందుకు ఇచ్చిన అనుమతి నిపుణుల కమిటీ ముందుకు పోకుండా యూసీఐ వైద్యుడొక్కరి చేతి మీదుగానే వెళ్లిందని తెలిసి పెద్ద దుమారం రేగింది. ఆ తర్వాత ముగ్గురు వైద్యులూ ఏకగ్రీవంగా ఒప్పుకుంటేనే అనుమతి అన్న నియమం వచ్చింది. 2009లో యూసీఐ 239 అనుమతులు ఇవ్వగా 2015 నాటికి అవి 13కు తగ్గాయి. కట్టుదిట్టం చేసినందువల్లనే ఇంతగా తగ్గాయని కొందరు చెబుతుంటారు గాని, 2010లో సాల్బుటమాల్, సాల్మెటరాల్ ఇన్హేలర్లకు అనుమతి అవసరాన్నే తొలగించడం కూడా అందులో పెద్ద భాగమని మరచిపోకూడదు.

సమాధానం: చక్రపథం

ఈ చర్చ ఎప్పుడూ స్టెరాయిడ్ల చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఒక మాట చేర్చాలనిపించింది. ఇన్సులిన్ పోటీ ఉన్నప్పుడే కాదు, అన్ని వేళలా నిషిద్ధమే. అయినా టైప్ 1 మధుమేహం ఉన్న రైడర్లతోనే నిండిన టీమ్ నోవో నార్డిస్క్ అనే వృత్తి జట్టు పెద్ద పోటీల్లో పాల్గొంటోంది. టీయూఈ అన్నది లేకపోతే ఆ జట్టే ఉండదు. ఇన్సులిన్ లేకుండా వారు రేసు సంగతి అలా ఉంచి, బతకలేరు కూడా.

కాగితం లేకపోతే ఏమవుతుందో కూడా చూడండి. 2016లో సైమన్ యేట్స్ ఉబ్బసానికి టెర్బుటలిన్ వాడారు. జట్టు వైద్యుడు దానికి దరఖాస్తు పెట్టడం మరచిపోయారు. మోసం లేదని అందరూ ఒప్పుకున్నారు, అయినా నాలుగు నెలల నిషేధం తప్పలేదు. 2001 టూర్‌లో జొనాథన్ వాటర్స్‌ను కందిరీగ కుట్టి కన్ను పూర్తిగా మూసుకుపోతే, కార్టిసోన్ ఇంజెక్షన్ వేస్తే నిబంధన ఉల్లంఘన అవుతుందని ఆయన పోటీ నుంచి తప్పుకోవలసి వచ్చింది. ఈ నియమాలు దొంగలనే కాదు, నిజాయితీపరులనూ గాయపరుస్తాయి. మినహాయింపులను ఎత్తివేయమనేవారు ఇటువంటివారిని కూడా తలచుకోవాలని నా విన్నపం.

సమాధానం: చివరిమైలు

చక్రపథం గారి మాటతో నాకు విభేదం లేదు. ఇన్సులిన్ విషయంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు. సమస్య అంతా ఒకే ఒక మందుల కుటుంబంలో ఉంది, అదే కార్టికోస్టెరాయిడ్లు. వాపును తగ్గించే ఈ మందులే నొప్పిని మరిపిస్తాయి, బరువు తగ్గిస్తాయి. డోపింగ్‌కు నిషేధం అనుభవించి తిరిగి వచ్చిన డేవిడ్ మిల్లర్, కెనాకార్ట్ ఎంత బలమైన మందో తన అనుభవం నుంచి బహిరంగంగానే చెప్పారు. ఆ కెనాకార్ట్‌లో ఉండేది ట్రయామ్సినలోనే. 1999 టూర్‌లో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ నమూనాలో కనిపించింది కూడా ఇదే. జీను ఒరిపిడి పుండుకు పూసిన లేపనం అని వెనుక తేదీ వేసిన చీటీ ఒకటి చూపితే ఆనాడు యూసీఐ ఒప్పుకుంది. విగిన్స్ ఉదంతాన్ని దానితో సమానం చేయడం లేదు, ఆయన అనుమతి నిబంధనల ప్రకారం వచ్చినదే. కాని 2011 టూర్‌కు ముందు, 2012 టూర్‌కు ముందు, 2013 ఇటలీ సైక్లింగ్ పోటీ ‘జిరో’కు ముందు, ప్రతిసారీ పెద్ద పోటీ ముంగిట్లోనే, పుప్పొడి అలర్జీకి 40 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ అంటే చూసేవారికి అనుమానం రాక మానదు. 2018 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటరీ కమిటీ, నియమం తప్పలేదు గాని నైతిక హద్దు దాటారని తేల్చింది. విగిన్స్, ఆయన జట్టు దానిని ఖండించారు.

నా అభిప్రాయం ఇది: అంత బలమైన ఇంజెక్షన్ అవసరమైన మనిషికి విశ్రాంతి కూడా అవసరమే. 2007లో కొన్ని జట్లు స్వచ్ఛందంగా కలిసి ఏర్పరచుకున్న ఎంపీసీసీ అనే సంఘం ఈ దారినే పట్టింది. ఈ స్టెరాయిడ్లు వాడితే తగ్గిపోయే కార్టిసోల్ అనే హార్మోన్ రక్తంలో బాగా తక్కువగా ఉన్న రైడర్ కనీసం ఎనిమిది రోజులు పోటీకి దూరంగా ఉండాలి. 2015లో జార్జ్ బెనెట్‌ను ‘జిరో’ ఆరంభానికి ముందే అతని జట్టు ఆపింది. అదే ఏడాది టూర్‌లో లార్స్ బూమ్‌కు ఇదే స్థితి ఎదురైతే ఆస్తానా జట్టు నియమాన్ని పక్కనపెట్టి అతనిని బరిలోకి దించింది. స్వచ్ఛంద నియమం ఎక్కడ చతికిలపడుతుందో దీన్ని బట్టే తెలుస్తుంది. 2022 జనవరి 1 నుంచి పోటీ సమయంలో కార్టికోస్టెరాయిడ్లను ఏ ఇంజెక్షన్ రూపంలోనూ వాడరాదని వాడా చెప్పింది. కండరంలోకి వేసిన ట్రయామ్సినలోన్ ఒంట్లోంచి పోవడానికి 60 రోజులు పడుతుందని కూడా సూచించింది. జూన్‌లో వేయించుకుని జులైలో టూర్‌కు దిగాలనుకునేవారికి ఇప్పుడు టీయూఈ తప్ప దారి లేదు, అందుకే టీయూఈ ఇచ్చే కమిటీ ఆ ఒక్క మందుల కుటుంబం మీద మరింత కఠినంగా ఉండాలంటాను.

ఎదురుగాలి

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఫ్రూమ్ ఉదంతాన్ని నేను తప్పుగా అర్థం చేసుకున్నానని ఒప్పుకుంటున్నాను. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. ఈ అనుమతులను పేర్లతో సహా ప్రకటిస్తే అనుమానానికి తావు ఉండదు కదా? రెండోది నా సొంత విషయం: వచ్చే సీజన్‌లో లైసెన్సు తీసుకుని పోటీకి దిగాలనుకుంటున్నాను, నా ఇన్హేలర్‌కు కూడా దరఖాస్తు పెట్టాలా?

సమాధానం: కొండమలుపు

పేర్ల విషయంలో నేను ఒప్పుకోలేను. జబ్బు ఆ మనిషి సొంత సంగతి. బయటపెడతారన్న భయంతో మందే మానేసి రేసుకు వచ్చేవారు ఉంటారు, ఆ ప్రమాదం మరీ పెద్దది. ఏ మందుల కుటుంబానికి ఎన్ని అనుమతులు ఇచ్చారో, ఎన్ని తిరస్కరించారో పేర్లు లేకుండా ఏటేటా ప్రకటిస్తే మన సందేహం చాలావరకు తీరుతుంది.

మీ ఇన్హేలర్ సాల్బుటమాల్ అయితే దరఖాస్తు అక్కరలేదు. 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, అందులోనూ ఏ 8 గంటల వ్యవధిలోనూ 600 దాటకుండా చూసుకోండి. ఒక్కో పీల్పుకు 100 చొప్పున ఇచ్చే ఇన్హేలర్ అయితే 8 గంటలకు ఆరు పీల్పులు. నెబ్యులైజర్‌తో మోతాదు సులువుగా ఆ హద్దు దాటుతుంది కాబట్టి అది వాడవలసి వస్తే ముందే టీయూఈ గురించి వైద్యునితో మాట్లాడండి. టెర్బుటలిన్ అయితే అనుమతి తప్పనిసరి. మొదటి పోటీకి కనీసం 30 రోజుల ముందే, శ్వాస పరీక్షల ఫలితాలు జతచేసి దరఖాస్తు పంపండి. జాతీయ స్థాయి రైడర్‌గా మీరు అది పెట్టవలసింది యూసీఐకి కాదు, మీ దేశపు డోపింగ్ నిరోధక సంస్థకు.