బరంపురం వెళ్ళే దారిలో పొందూరులో ఆగాలా, వద్దా?

దారిన పోతూ: వచ్చే నెల కారులో వైజాగ్ నుంచి బరంపురం వెళ్తున్నాం. చిలకపాలెం దగ్గర హైవే దిగి, పొందూరులో ఖద్దరు వడికేది చూడాలని అమ్మ కోరిక. మా బావేమో "శ్రీకాకుళం షాపులో దొరికే బట్టకి ఊళ్ళోకి ఎందుకు? నరసన్నపేటలో టీ తాగి పోదాం" అంటున్నాడు. మీరేమంటారు?

ఎచ్చెర్ల కుర్రాడు: మీ బావగారి మాటే నాదీ. ఎండలో పెద్దావిడని సందుల్లో తిప్పడం దేనికి? చూడాలనుకుంటే అరసవిల్లి, శ్రీకూర్మం ఉన్నాయి కదా.

రాట్నం ఇల్లు: మాది పొందూరే. మా మామ్మ ఇప్పటికీ వడుకుతుంది, అందుకే రాస్తున్నా. ఆగడం వద్దనను, కానీ ఎలా ఆగుతారన్నదే నా బాధ. పోయినేడాది ఒక కారు వచ్చింది. నలుగురు దిగి, అడక్కుండానే మామ్మ ముఖం మీద ఫోన్లు పెట్టారు. "ఆ చేప ఎముక చూపించు, మళ్ళీ ఒకసారి దువ్వు" అంటూ ముప్పావుగంట కూర్చోబెట్టారు. జేబురుమాలు కూడా కొనలేదు. ఆవిడకి కూలి చిలపల (వడికిన నూలు చుట్టల) లెక్కన వస్తుంది. ఆ పూట కూలి ఎవరిస్తారు?

వాళ్ళు ఎముక అన్నది వాలుగ చేప దవడ. దాని సన్నటి పళ్ళతో గింజ మీదున్న పత్తినే దువ్వుతారు, చెత్త పోయి పీచు తిన్నగా వస్తుంది. తర్వాత గింజ తీసి, దూది ఏకి, ఏకుల్ని (వడకడానికి చుట్టిన దూది వత్తుల్ని) ఎండిన అరటి పట్టలో దాచి, రాట్నం మీద వడుకుతారు. వంద కౌంటు నూలు, అంటే చాలా సన్నటి నూలు, అలా వస్తుంది. చూస్తే పదినిమిషాల్లో అయిపోయినట్టుంటుంది గానీ, చీరకి సరిపడా నూలంటే మామ్మకి ఎన్ని రోజులో!

ఎచ్చెర్ల కుర్రాడు: అయ్యో, అది తప్పే. మరి షాపులో కొంటే మామ్మకి ఆ ఇబ్బందే ఉండదు కదా?

రాట్నం ఇల్లు: ఉండదు తమ్ముడూ. కానీ బయట పొందూరు పేరు చెప్పి మరమగ్గం బట్ట కూడా అమ్ముతున్నారు. ఆ డబ్బు మా వీధికి రాదు. ఊళ్ళో 1949 నాటి ఖాదీ సంఘం ఉంది, అక్కడ కొంటే మా నూలే కొన్నట్టు. అన్నా, అమ్మగారిని తీసుకురండి. ముందు సంఘంలో అడగండి, ఎవరింటికి వెళ్ళొచ్చో వాళ్ళే చెప్తారు. మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రం వద్దు. వీడియో తీయాలంటే అడిగి తీయండి. మామ్మకి వినపడదు, కాస్త గట్టిగా అడగాలి.

దారిన పోతూ: చాలా థాంక్స్ అమ్మా. గంట ముందే బయల్దేరుతాం. ఫోన్లు కార్లోనే ఉంచమని బావకి చెప్పాను. అమ్మ తనకో చీర, నాన్నకో పంచె కొంటానంటోంది.