టోల్ వంతెన వస్తోంది, మా బస్సు ఎక్కడ ఆగుతుంది?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గంజాం జిల్లా, బరంపురానికీ ఇచ్ఛాపురానికీ మధ్య 16వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న తెలుగు ఊరు. ఇక్కడ ఏటి మీద కొత్త టోల్ వంతెన, దానికో ఇంటర్‌ఛేంజ్ (బండ్లు హైవే ఎక్కి దిగే కూడలి) ప్లాన్ చేస్తున్నారు. పంచాయతీ గోడకు మ్యాప్ అంటించారు. అరగంట వెతికాను, బస్సు ఆగే చోటు ఎక్కడా కనపడలేదు.

ఇప్పటికే మా అమ్మ వంకాయల బుట్టతో బస్సు దిగి, రెయిలింగ్ సందులోంచి దూరి వస్తుంది. లారీ హారన్ కొడితే బుట్టను గుండెకు హత్తుకుని అక్కడే నిలబడిపోతుంది. ర్యాంపులు (హైవే ఎక్కి దిగే వాలు దారులు) వచ్చాక ఆ వేగంలో ఎలా దాటుతుందో తలచుకుంటేనే టెన్షన్.

టోల్ డబ్బుల గురించి పెద్ద బాధ లేదు. బైకులకు రుసుము ఉండదు, 20 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్ల సొంత కార్లకు నెలవారీ పాస్ ఇస్తారు. దిగులంతా బస్సు గురించే. గేటు దగ్గర క్యూలో ఇరుక్కుంటే బరంపురం కాలేజీకి వెళ్లే పిల్లలకు మొదటి క్లాసు పోయినట్టే.

రోడ్ల డిజైన్ తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. టోల్ గేటు ముందు బస్సులకు విడిగా లేన్ అడగొచ్చా? బస్సు ఆగే చోటు ర్యాంపు హైవేలో కలవకముందు ఉండాలా, కలిశాక ఉండాలా? సర్వీస్ రోడ్డు మీద స్టాపు, పక్కనే అండర్‌పాస్ ఉంటే మేలని నాకనిపిస్తోంది. ఒక ఆఫీసుకు వెళ్తే "డిజైన్ అయిపోయింది" అని పంపేశారు. సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి కదా, అందులో ఏ డ్రాయింగులు అడగాలి? అర్జీ కలెక్టరుకు ఇవ్వాలా, జాతీయ రహదారుల ప్రాజెక్టు ఆఫీసుకా?