అప్‌డేట్: ఫార్మ్‌డీ (ఫార్మసీ డిగ్రీ) తర్వాత హెల్త్ ఎకనామిక్స్‌లో చేరి ఏడాదైంది

హాస్పిటల్ ఉద్యోగం వదిలి, హైదరాబాద్‌లో పేషెంట్ల డేటాతో వైద్యం ఖర్చు, ఫలితం లెక్కగట్టే హెల్త్ ఎకనామిక్స్ పనిలోకి వెళ్లొచ్చా అని పోయినేడాది ఇక్కడ అడిగాను. ముందు డేటా పనికి వాడే ఎస్‌క్యూఎల్, ఆర్ అనే కంప్యూటర్ భాషలు నేర్చుకోమన్నారు. నేర్చుకున్నాను, చేరాను.

నేను ఎక్కువగా చూసేది అమెరికా ఇన్సూరెన్స్ క్లెయిములు. ప్రోగ్రామ్ రాయడం కన్నా, ఆ డేటా వరుసల వెనక ఏం జరిగిందో అర్థం చేసుకోవడమే కష్టం. క్లెయిములో డయాబెటిస్ కోడ్ (ఆ జబ్బుకి బిల్లులో వేసే గుర్తు) ఒక్కసారి కనబడితే జబ్బు ఉన్నట్టు కాదు, అనుమానంతో టెస్ట్ రాసినా ఆ కోడే పడొచ్చు. అందుకే వేర్వేరు తేదీల్లో కనీసం రెండుసార్లు ఉందా అని చూస్తాం. ఇన్సూరెన్స్ మారినవాళ్లు డేటాలోంచి మాయమవుతారు. ఆ నెలల్లో వాళ్ల ఖర్చు సున్నా అనుకుంటే లెక్కంతా తప్పుతుంది.

మూడో నెలలో నేనే పెద్ద తప్పు చేశాను. మరణ తేదీలు కూడా జోడించిన ఒక క్యాన్సర్ డేటాలో, కొత్త మందు వాడినవాళ్లు చాలా ఎక్కువ కాలం బతికినట్టు వచ్చింది. సంబరపడ్డాను. మా సీనియర్ మేడమ్ ఒక్కటే అడిగారు: "రోజులు ఎప్పటినుంచి లెక్కపెట్టావమ్మా?"

జబ్బు బయటపడిన రోజు నుంచి. కానీ మందు మొదలైంది నెలల తర్వాత. అప్పటిదాకా బతికున్నవాళ్లకే కదా ఆ మందు అందింది! ఆ నెలలన్నీ మందు ఖాతాలో వేసేశాను. దీన్నే ఇమ్మోర్టల్ టైమ్ బయాస్ అంటారు. సరిచేశాక తేడా దాదాపు పోయింది. అది రిపోర్టులోకి వెళ్లుంటే ఏమయ్యేదో అన్న టెన్షన్‌తో ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఈ పని వదలను. మన దేశంలో 2017లో మొదలైన హెచ్‌టీఏఇన్ (మందులు, వైద్య పద్ధతులు ఖర్చుకు తగ్గవేనా అని చూసే ప్రభుత్వ సంస్థ) లాంటి చోట, మన పేషెంట్ల ఖర్చుల మీద పనిచేయాలని ఉంది. అక్కడ చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.